సుద్దముక్క గీసిన బొమ్మ

మొన్న ఆదివారం మా నూతి మీది గిలక స్టాండు తుప్పు పట్టి ఒరిగిపోయింది. మా మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని కాట్రేనికోనలో వెల్డింగ్ షాపుకి వెళ్ళాను. వాడు మెకానికల్ రెండో ఏడు. పెన్సిలు ఇచ్చి, ఎలా కావాలో బొమ్మ వేసి చూపించరా అన్నాను. "ల్యాప్‌టాప్ ఉంటే వేసేద్దును మావయ్యా" అన్నాడు. ఈలోగా వెల్డరు ఇనప రేకు మీద సుద్దముక్కతో ఎదర నుంచి ఒక బొమ్మ, పక్క నుంచి ఒక బొమ్మ గీసి, అంగుళాలు వేసి, "ఇలాగేనాండి? ఆయ్, సాయంత్రానికి ఇచ్చేత్తానండి" అన్నాడు. అతను చదివింది ఏడో తరగతి.

కుర్రాణ్ణి తప్పు పట్టను. మొదటి ఏడాది డ్రాయింగులో వాడికి మంచి మార్కులే వచ్చాయి. సీనియర్ల షీటు గాజుపలక మీద పరిచి, కింద బల్బు వెలిగించి, పైన తన కాగితం పెట్టి దిద్దుకుంటే మార్కులు రాక ఏమవుతాయి? ఎక్స్‌వై గీతకి పైన ఎలివేషను (ఎదర నుంచి చూసిన రూపం), కింద ప్లాను (పైనుంచి చూసిన రూపం) వేయాలని వాడికి కంఠతా వచ్చు. కింద ఎందుకో తెలియదు. మన దేశంలో పాటించే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో వస్తువు మనకీ బొమ్మ పడే తలానికీ మధ్య ఉందనుకుంటాం. పైనుంచి చూసిన రూపం నేల మీద పడుతుంది, ఆ నేలని కిందకి మడిచి కాగితం చేస్తాం. ఇది ఒక్కసారి కళ్ళకి కడితే జన్మలో మరిచిపోరు.

నా గోల ఎప్పుడూ ఒకటే. డ్రాఫ్టరు బిగించే ముందు ఒట్టి చేత్తో గీయడం నేర్పండి. గీత వంకర పోకూడదంటే పెన్సిలు మొన వంక కాదు, చేరాల్సిన చుక్క వంక చూడాలి. వృత్తం కావాలంటే ముందు చతురస్రం గీసి, నాలుగు భుజాల మధ్య బిందువులూ తాకుతూ చుట్టాలి. పది రోజులు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో ఈ సబ్జెక్టు ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ అండ్ డిజైన్ అయింది, కంప్యూటరూ చేరింది. చేరనివ్వండి. కానీ మనసులో బొమ్మ లేనివాడికి ఏ సాఫ్ట్‌వేరూ బొమ్మ ఇవ్వదు. 1847లో మొదలెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట నిలబెట్టిన కాటన్ దొర కాలంలో ప్రతి తూమూ ముందు చేత్తోనే కాగితం మీదకి ఎక్కింది.

ఆనకట్ట మాట వచ్చింది కాబట్టి మురుగు కాలువల సంగతీ చెప్పాలి. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించడానికి చేలల్లో నీరు దిగకపోవడమూ ఒక కారణం. మన డెల్టా నేలకి వాలు బహు తక్కువ. పొడవుకీ ఎత్తుకీ ఒకే స్కేలు వాడితే కాగితం మీద అది కనబడనే కనబడదు. అందుకే కాలువని పొడవునా నిలువుగా కోసినట్టు చూపే పొడవు కోత గీసేటప్పుడు ఎత్తుల స్కేలు చాలా పెద్దది తీసుకుంటారు. ఆ కోత చదవలేని ఇంజనీరు సంతకం పెడితే పూడిక తీసిన కాలువలో కూడా నీరు నిలబడే ఉంటుంది. నష్టం బొమ్మ వేసినవాడికి కాదు, పల్లపు చేను రైతుకి.

మన కాట్రేనికోన మండలంలో చెయ్యేరులోనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. అక్కడ చదివే పిల్లలకీ, సెలవులకి ఇళ్ళకొచ్చే మిగతా పిల్లలకీ ఒక మాట. ఈ ఆదివారం ఫోను ఇంట్లో వదిలి, తెల్ల కాగితం, హెచ్‌బీ పెన్సిలు పట్టుకుని మీ ఊరి తూము దగ్గరికి వెళ్ళండి. ఎదర నుంచి, పక్క నుంచి, పైనుంచి గీయండి. ఆ కాగితం మీ ఊళ్ళో తాపీమేస్త్రీకి చూపించి, ఇది కట్టగలవా అని అడగండి.