జగిత్యాల ఎర్ర రాళ్లు వజ్రాలకు గుర్తేనా? గుట్టు విప్పేది క్రోమియం లెక్కే!

వాన పడితే చాలు.. కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. ఆ వీడియోలు చూసినప్పుడల్లా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఒకటే ప్రశ్న. మన రాళ్లల్లోనూ ముదురు ఎరుపు గార్నెట్లు ఉన్నాయి కదా! వజ్రాల గనుల్లోనూ ఇవే దొరుకుతాయంటారు.. మరి మన దగ్గర వజ్రాలున్నట్టేనా?

కానే కాదు. గార్నెట్ అంటే ఒక్క రాయి కాదు, ఓ పెద్ద కుటుంబం. ఉంగరంలో పెట్టుకునే గోమేధికం కూడా అందులోదే. పాత కరీంనగర్ జిల్లాలో గ్రాన్యులైట్ శిలలున్నాయి. వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. భూమి పైపెంకులోనే వేడికి, ఒత్తిడికి మారిన రాళ్లివి. వీటిలోని గార్నెట్లలో ఇనుము ఎక్కువ, క్రోమియం దాదాపు సున్నా. వజ్రం పుట్టాలంటే ఆ లోతు సరిపోదు. దాదాపు 150 కిలోమీటర్ల కిందికి వెళ్లాలి.

అంత లోతు నుంచి వజ్రాన్ని పైకి మోసుకొచ్చే అగ్నిశిల కింబర్లైట్. దాంతో పాటు వచ్చే గార్నెట్ పేరు పైరోప్. ఇందులో మెగ్నీషియం ఎక్కువ, క్రోమియం కూడా బాగానే ఉంటుంది. క్రోమియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న రకాన్ని 'జీ-10' అంటారు. అన్వేషకులు వెతికేది దీన్నే. ఊదా ఛాయ కనిపించినా కంటిచూపుతో తేల్చలేం. ఎలక్ట్రాన్ ప్రోబ్ అనే యంత్రంలో పెట్టి, గింజ మీద ఎలక్ట్రాన్ల పుంజం పంపి, వచ్చే ఎక్స్‌రేలతో ఏ మూలకం ఎంతుందో లెక్క తీస్తారు. అప్పుడే అసలు సంగతి తెలిసేది.

అయితే కింబర్లైట్ దొరికినా పండగ చేసుకోవడానికి లేదు. అనంతపురం జిల్లా వజ్రకరూర్, తెలంగాణలోని నారాయణపేట.. రెండు చోట్లా కింబర్లైట్లు ఉన్నాయి. రెండింటి వయసూ సుమారు 110 కోట్ల ఏళ్లే. వజ్రకరూర్‌లో వజ్రాలున్నాయి, నారాయణపేట వాటిలో మాత్రం లేవనే చెబుతారు. కారణం ఏంటన్న దానిపై శాస్త్రవేత్తల్లో ఇంకా చర్చ నడుస్తూనే ఉంది.

జగిత్యాల వైపు చిక్కు ఇంకోటి. మామూలుగా వాగు ఇసుక జల్లించి, పైరోప్ గింజ దొరికితే ఎగువకు వెతుక్కుంటూ పోతారు. ఇక్కడ స్థానిక గార్నెట్లే ఇసుకలో కలిసిపోతాయి. వందల గింజల్లో ఒక్క పైరోప్ ఉన్నా, ప్రోబ్‌లో పరీక్షించకపోతే అది కూడా మామూలు ఎర్ర రాయి కిందే పోతుంది.