కట్టుడుపండ్ల పనివారు

పండ్లూడిన వృద్ధుడు కట్టుడుపండ్లు పెట్టుకొని మరల అన్నము నమలగలిగిననాడు వైద్యుని తలచి నమస్కరించును. ఆ పండ్లను మలచిన చేయి ఎవ్వరిదో అతడెరుగడు. బెజవాడ సూర్యారావుపేట వీథులలో వైద్యుల పేరుపలకలు వరుసగా గానవచ్చును. వారికి పనిచేసిపెట్టు డెంటల్ టెక్నీషియనుల పేళ్లు మాత్రము వెదకినను గానరావు.

ఆ పని సామాన్యమైనది కాదు. వైద్యుడు పంపిన అచ్చులో జిప్సము పోసి దౌడ నమూనా తీయవలెను. మైనముతో చిగురు దిద్ది, పండ్ల నొక్కొక్కటిగా నమర్చి, పై వరుస క్రింది వరుసతో కలియునో లేదో చూడవలెను. పిదప మైనమును కరిగించి తొలగించి, ఆ చోట ఆక్రిలికు ముద్దను నొక్కి, ఉడికించి, అరగదీసి, మెరుగు పెట్టవలెను. వెండ్రుకవాసి తేడా వచ్చినను చిగురొరసికొని పుండగును. లోహపు తొడుగులైనచో పోతపని యుండును. అందలి సిలికా ధూళిని ఏండ్లతరబడి పీల్చినచో ఊపిరితిత్తులు గట్టిపడును; ఆ జబ్బు నయమగునది కాదు. జిర్కోనియాను చెక్కు కంప్యూటరు యంత్రములు వచ్చినను తుదిమెరుగు చేతిపనియే, ధూళియు నుండనే యున్నది.

ఇక ప్రతిఫలమన్న, పెక్కుచోట్ల పన్నొకటికింత యను లెక్క. పన్ను సరిపడనిచో తిరిగి చేయవలసినదే. ఆ రెండవ పనికి డబ్బు రాదు. మొదటి అచ్చు సరిగా తీయకపోవుటవలన తేడా వచ్చినను ఇంతే. తప్పొకరిది, దండుగ వేరొకరిది!

1948 మార్చి నెలలోనే రెండు చట్టములు పుట్టినవి. దంతవైద్యుల చట్టము ఈ పనివానిని డెంటల్ మెకానికుగా నిర్వచించి, వారి పేళ్లకొక రిజిస్టరునకు వీలు కల్పించెను. కనీసవేతనముల చట్టము, పనిముక్కల లెక్కన కూలి గొనువానికి సైతము కాలమునుబట్టి కనీసపు రేటు నిర్ణయింపవచ్చునని చెప్పెను. మొదటిదానికి బదులుగా 2023లో జాతీయ దంతవైద్య కమిషన్ చట్టమును, రెండవదానికి బదులుగా 2019లో వేతనస్మృతియు వెలువడినవి. చట్టములు మారినవి, ఈ పనివాని బల్లమీదికి వానిలోని న్యాయము దిగిరాలేదు.

జీతములు పెంచినచో కట్టుడుపండ్లు పేదలకు ప్రియమగునని కొందరందురు. ఒక పేదవాడు అన్నము నమలుటకై మరియొక పేదవాని ఊపిరిని తాకట్టు పెట్టుట ధర్మమగునా?

బెజవాడ మొదలు మచిలీపట్టణము వరకు గల దంతవైద్యులను, ల్యాబుల యజమానులను మేము కోరునది స్వల్పము. ప్రతి పనికిని వ్రాతమూలక మగు చీటి యుండవలెను. తప్పెవరిదో తేల్చి, తిరిగి చేయు ఖర్చును వారే భరింపవలెను. పనిబల్లయొద్ద ధూళిని లాగు యంత్రము నమర్చవలెను. నెలకు ఇంతకు తగ్గదను జీతము నియామకపత్రముననే వ్రాయవలెను. రోగి కిచ్చు రసీదుపై ఆ పండ్లు చేసినవాని పేరును నమోదు సంఖ్యయు నుండవలెను. ఆ రసీదును అడిగి పుచ్చుకొనుట మన చదువరుల వంతు. అడుగువారు లేనిచోట చట్టము కాగితముగానే మిగులును.