బడి చిన్నది కాలేదు, చిన్నది చేశారు

ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2025 జూన్ 16న ఒక ఉత్తర్వు ఇచ్చింది. 50 మంది లోపు పిల్లలున్న ప్రభుత్వ బడులను పక్క బడులతో 'జత' చేయమన్నది దాని సారాంశం. దాని మీద సీతాపూర్ జిల్లాకు చెందిన 51 మంది బడిపిల్లలు తల్లిదండ్రుల ద్వారా అలహాబాద్ హైకోర్టుకు వెళ్లారు. జూలై 7న సింగిల్ జడ్జి వాళ్ల పిటిషన్ కొట్టేశారు. పిల్లలు అప్పీలుకు వెళ్లారు. జూలై 24న డివిజన్ బెంచ్ సీతాపూర్ వరకు యథాతథ స్థితి కొనసాగించమంది. ఆ నెలాఖరుకు ప్రభుత్వమే కాస్త తగ్గి, కిలోమీటరు దాటిన దూరమైతే కలపబోమని చెప్పుకోవాల్సి వచ్చింది.

ప్రాథమిక బడి పిల్లలు తమ బడి కోసం కోర్టుకెక్కిన కాలంలో యూనివర్సిటీ విద్యార్థులం, అధ్యాపకులం ఎక్కడున్నాం? ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే.

చిన్న బడుల గురించి ప్రభుత్వాలు చెప్పే మాట వినడానికి సబబుగానే ఉంటుంది. పదిహేను మంది పిల్లలకు ఒక భవనం, ఒక జీతం, ఒక వంట మనిషి దండగ కదా, అందరినీ ఒకచోట చేరిస్తే ల్యాబూ లైబ్రరీ ఇవ్వొచ్చు కదా అంటారు. ఈ వాదనలో ఒక్క ప్రశ్న మాత్రం ఎప్పుడూ ఉండదు. ఆ బడిలో పదిహేను మందే ఎందుకు మిగిలారు?

పల్లెల్లో పుట్టినవాళ్లకు జవాబు తెలుసు. ముందు టీచరు బదిలీ అవుతాడు, ఆ ఖాళీ నింపరు. ఐదు తరగతులకూ ఒక్కరే మిగులుతారు. ఆ ఒక్కరికీ ఓటర్ల జాబితా పని, మండల కేంద్రంలో మీటింగు, యాప్‌లో ఫొటోలు పెట్టే పని. ఆమె సెలవు పెడితే బడికి సెలవు. ఈలోగా పసుపుపచ్చ ప్రైవేటు బస్సు ఊరి మలుపు దాకా వస్తుంది. నెలకింత కట్టగలిగినవాళ్లు పిల్లల్ని అందులో ఎక్కిస్తారు. మరుసటి ఏడు హాజరు పట్టీలో పేర్లు తగ్గుతాయి. పేర్లు తగ్గాయి కాబట్టి ఉన్న టీచరు కూడా 'మిగులు' అవుతుంది. అప్పుడు హైదరాబాద్‌లోనో, అమరావతిలోనో, లక్నోలోనో ఒక అధికారి పట్టిక ముందేసుకుని ఈ బడికి ఆదరణ లేదని తేలుస్తాడు. ముందు తిండి మాన్పించి, తర్వాత బరువు తగ్గావని నిందించడం లాంటిది ఇది.

జాతీయ విద్యా విధానం 2020 పత్రమే ఒక అంకె చెప్పింది. 2016-17లో దేశంలో ఒకే టీచరుతో నడిచే బడులు 1,08,017. 2024-25 యుడైస్ లెక్కల్లో అవి 1,04,125. వాటిలో చదువుతున్నవాళ్లు 33 లక్షలకు పైనే. అంటే ఎనిమిదేళ్లలో ఈ సమస్య దాదాపు ఉన్నచోటే ఉంది. ఈ జాబితాలో మొదటి స్థానం మన ఆంధ్రప్రదేశ్‌ది, 12,912 బడులు. ఒక్క విద్యార్థీ లేని బడుల్లో పశ్చిమ బెంగాల్ తర్వాత తెలంగాణదే స్థానం, 2,245. మరి మారిందేమిటి? పార్లమెంటులో కేంద్రమే చెప్పింది. 2014-15లో 11,07,101 ఉన్న ప్రభుత్వ బడులు 2023-24 నాటికి 10,17,660 అయ్యాయి. అదే కాలంలో ప్రైవేటు బడులు 2,88,164 నుంచి 3,31,108కి పెరిగాయి. టీచర్లను పెంచలేదు, బడులను తగ్గించారు.

ఇది ఒక పార్టీ పాపం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వైసీపీ ప్రభుత్వం జీవో 117 తెచ్చింది. 3, 4, 5 తరగతులను ప్రాథమిక బడి నుంచి విడదీసి హైస్కూలుకు తరలించింది. జూలైలో బడులు తెరిచేసరికి ఊరూరా తల్లులు, పిల్లలు రోడ్డు మీద కూర్చున్నారు. విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు నెలల తరబడి పోరాడాయి. 2025 మేలో కూటమి ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసింది. రద్దు చేసిన చేత్తోనే 19, 20, 21 నంబర్ల జీవోలు ఇచ్చి, బడులను తొమ్మిది రకాలుగా విభజించి, 'మోడల్ ప్రైమరీ స్కూల్' పేరుతో చుట్టుపక్కల బడుల పిల్లల్ని ఒకచోటికి చేర్చింది. తరగతికో టీచరు అన్న మాట మంచిదే. కానీ ఆ టీచర్లు కొత్తగా నియమించినవాళ్లా, వాడ బడి నుంచి లాక్కొచ్చినవాళ్లా అన్నది అడగాలి. జూన్‌లో తల్లిదండ్రులు మళ్లీ బడి గేట్ల ముందు నిలబడింది అందుకే.

డబ్బు లేదనడం కూడా నిజం కాదు. అమ్మ ఒడి అయినా తల్లికి వందనం అయినా, ప్రైవేటు బడిలో చదివే పిల్లల తల్లులకూ అందుతుంది. తల్లి చేతికి డబ్బు రావడాన్ని నేను తప్పుపట్టను, కూలి చేసే తల్లికి అది పెద్ద ఊరట. కానీ అందులో చాలా భాగం ప్రైవేటు ఫీజుగా మారిపోతుంటే, ఇంకోపక్క పిల్లలు తగ్గారని ప్రభుత్వ బడిని మూసేస్తుంటే, ఖజానా ఎవరి బడిని నడుపుతున్నట్టు? కేంద్రం సంగతీ అంతే. పీఎం శ్రీ పథకానికి ఐదేళ్లకు 27,360 కోట్లు, 14,500 బడులకు. దేశంలోని ప్రభుత్వ బడుల్లో అవి నూటికి ఒకటిన్నర కూడా కాదు. మిగతా తొంభై ఎనిమిదిన్నరకు సున్నం వేయించుకోవడమూ కష్టమే.

ఇప్పుడు దూరం సంగతి. విద్యాహక్కు చట్టం కింద నిబంధనలు ఒకటి నుంచి ఐదో తరగతి వరకు బడి కిలోమీటరు లోపు ఉండాలంటాయి. కిలోమీటరు అంటే అధికారికి మ్యాపు మీద గీత. మాదిగవాడ, మాలపల్లె పిల్లకు ఆ కిలోమీటరులో ఊరు ఉంటుంది. రామాలయం వీధి ఉంటుంది, ఎవరి అరుగు ముందు తల వంచుకు నడవాలో తెలిసిన దారి ఉంటుంది, హైవే ఉంటుంది, వానాకాలం పొంగే వాగు ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్లను ఒంటరిగా పంపాలంటే తల్లి కూలి మానుకోవాలి. రెండు వారాలు మానుకుంటుంది, మూడో వారం పిల్లను ఇంటి దగ్గర తమ్ముడికి కాపలా పెడుతుంది. మన పరిశోధనా పత్రాల్లో ఈ పిల్లను 'డ్రాపవుట్' అని రాస్తాం. ఆ పిల్ల బడి మానలేదు. బడే ఆ పిల్లను మానేసింది.

నేను అక్షరాలు దిద్దిన వాడ బడిలో ఇప్పుడు మూడు, నాలుగు, ఐదు తరగతులు లేవు. అక్కడ ఇద్దరు టీచర్లు ఉన్న రోజుల్లో చదువుకున్నాను కాబట్టే ఈరోజు పీహెచ్‌డీ చేస్తున్నాను.

మన శిబిరంలోంచే రెండు అభ్యంతరాలు వస్తాయి. వాటికి జవాబు చెప్పకుండా ముందుకు పోలేం.

మొదటిది: వాడలో విడిగా బడి ఉండటం అంటరానితనాన్ని కొనసాగించడమే కదా, విలీనమైతే అందరూ కలిసి చదువుతారు కదా అని. కామన్ స్కూల్ మన కల కూడా. కానీ ఈ విలీనాలు ఏ దిశలో జరుగుతున్నాయో చూడండి. ఊళ్లో బడి మూసి వాడ బడికి రమ్మన్న ఉత్తర్వు మీరెప్పుడైనా చూశారా? నడవాల్సింది ఎప్పుడూ వాడ పిల్లలే. పైగా అక్కడికి చేరేసరికి ఊరి పిల్లలు ప్రైవేటు బస్సెక్కి వెళ్లిపోయి ఉంటారు. కలిసి చదవడం జరగదు, దూరం మాత్రం పెరుగుతుంది.

రెండోది: గురుకులాలు ఉన్నాయి కదా అని. గురుకులాల విలువ నాకు తెలుసు, మా తరంలో ఎందరికో అవే దారి. కానీ సాంఘిక సంక్షేమ గురుకులంలో చేరేది ఐదో తరగతికి, అదీ ప్రవేశపరీక్ష రాసి. ఆ పరీక్ష రాయడానికి కావలసిన అక్షరాలు, ఎక్కాలు ఎక్కడ నేర్చుకుంటారు? వాడ బడిలోనే. కింది మెట్టు తీసేసి పై మెట్టుకు రంగు వేస్తే ఎక్కేవాళ్లు తగ్గుతారు. ఎవరు తగ్గుతారో కూడా ముందే తెలుసు. ఆడపిల్లలు, సంచార కులాల పిల్లలు, వలస వెళ్లే కుటుంబాల పిల్లలు.

చిన్న బడి మన చరిత్రలో చిన్న విషయం కాదు. 1848లో పూణెలో సావిత్రీబాయి, జోతిరావు ఫూలేలు తెరిచిన మొదటి బడిలో పదిమంది లోపే ఆడపిల్లలు. నేటి లెక్క ప్రకారం అది విలీనం కావలసిన బడి. 1882లో హంటర్ కమిషన్ ముందు ఫూలే చెప్పిందీ ఇదే. పన్ను కట్టేది రైతు, కూలి. ఖర్చు మాత్రం పై కులాల ఉన్నత చదువులకు. కనీసం పన్నెండేళ్ల వరకు ప్రాథమిక విద్య నిర్బంధం చేయమన్నాడు. భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాద్‌లో ఆది హిందూ పిల్లల కోసం మొదలుపెట్టిన బడులు పెరిగి 26 అయ్యాయి. తర్వాత వాటిని నిజాం ప్రభుత్వం తీసుకుని నడిపింది. మన పెద్దలు చందాలతో కట్టిన బడులను రాజరికం బతికిస్తే, రాజ్యాంగం మీద ప్రమాణం చేసిన ప్రభుత్వాలు మూస్తున్నాయి.

1927లో బొంబాయి శాసనమండలిలో అంబేడ్కర్ బడ్జెట్ అంకెలు చేతబట్టి మాట్లాడాడు. ప్రభుత్వం తలకు 14 అణాలు చదువుకు ఖర్చు పెడుతూ, మద్యం మీద ఎక్సైజ్ పేరుతో తలకు రెండు రూపాయలకు పైగా లాగుతోందని చూపించాడు. ప్రజల దగ్గర ఎక్సైజ్‌గా తీసుకున్నంతైనా వాళ్ల చదువు మీద పెట్టమన్నాడు. విద్యాశాఖను ఇంత పెడితే ఇంత రావాలన్న లాభనష్టాల లెక్కతో నడపకూడదని కూడా చెప్పాడు. ఇప్పుడు చిన్న బడి మీద నడుస్తున్నది సరిగ్గా ఆ లెక్కే.

1953లో ఇదే మద్రాసు రాష్ట్రంలో రాజాజీ మరో లెక్క తెచ్చాడు. పల్లెల్లో పిల్లలకు రోజుకు మూడు గంటలే బడి, మిగతా పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. అప్పటికి ఆంధ్ర జిల్లాలు ఇంకా మద్రాసులోనే ఉన్నాయి. డబ్బు చాలదు, బడిలో చోటు చాలదు అన్నదే అప్పటి సాకు కూడా. పెరియార్ ఉద్యమం దాన్ని కులవిద్య అని సరైన పేరు పెట్టి పిలిచింది. మరుసటి ఏడు రాజాజీ దిగిపోయాడు, కామరాజ్ వచ్చి ఆ పథకాన్ని ఎత్తేశాడు. అప్పుడు ఫ్రెంచివారి కింద ఉన్న పుదుచ్చేరి ఇవాళ తన విద్యాశాఖ కార్యాలయ సముదాయానికి ఆ కామరాజ్ పేరే పెట్టుకుంది. ఆ పేరు గుర్తుండాలని ఇక్కడ మేం ప్రతి సభలో చెబుతుంటాం.

పుదుచ్చేరి పట్నంలో చేపల రేవు పక్కనుండే తేంగాయితిట్టులో, అద్దె గదిలో కూర్చొని మేం కొందరం తెలుగు విద్యార్థులం ఈ విషయం మీద కరపత్రం రాస్తున్నప్పుడు గట్టి వాదనే జరిగింది. ఒక మిత్రుడన్నాడు: "అన్నా, ఫెలోషిప్ నెలల తరబడి రావడం లేదు. మన గోడు వినేవాడే లేడు, ఒకటో తరగతి సంగతి మనకెందుకు? అది టీచర్ల సంఘాలు చూసుకుంటాయి." యానాం నుంచి వచ్చిన మిత్రురాలు ఒప్పుకోలేదు. గోదావరి ఒడ్డున ఉన్న తమ ఊరి బడుల గురించి 800 కిలోమీటర్ల దూరంలోని పుదుచ్చేరిలో నిర్ణయిస్తారనీ, 2023-24లో ప్రభుత్వ బడులను సీబీఎస్ఈకి మార్చినప్పుడు యానాం తల్లులను ఎవరూ అడగలేదనీ చెప్పింది. చిన్న ఊరు, చిన్న బడి, చిన్న కులం, వీటిని అడగాల్సిన అవసరం లేదనుకోవడమే అసలు రోగం అంది. ఆమె మాటే కరపత్రంలో మొదటి వాక్యమైంది.

మా మిత్రుడి ఆకలి నిజమే. కానీ ఫెలోషిప్ ఆపిన చెయ్యీ, వాడ బడి టీచరు పోస్టును రద్దు చేసిన చెయ్యీ ఒకటే. కొఠారీ కమిషన్ కాలం నుంచి జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు అంటున్నారు, 2020 విధానం కూడా అదే రాసుకుంది, ఇవ్వలేదు. ఆ ఇవ్వని డబ్బులోనే మన స్కాలర్‌షిప్ ఉంది, వాడ పిల్ల పలక ఉంది. అక్కడ ఇవాళ మూసిన మూడో తరగతి పదిహేనేళ్ల తర్వాత మన డిపార్ట్‌మెంట్లో నిండని ఎస్సీ సీటుగా కనిపిస్తుంది. అప్పుడు 'అర్హులు దొరకలేదు' అని నోటీసు పెడతారు. దాని మీద మనం ధర్నా చేస్తాం.

2013లో అమెరికాలోని చికాగోలో నగర పాలకులు ఒకేసారి 49 ప్రాథమిక బడులను మూయాలని తీర్మానించారు. ఆ పిల్లల్లో అత్యధికులు నల్లజాతివాళ్లు. అక్కడి అధికారిక సాకు 'భవనాలు పూర్తిగా వాడుకలో లేవు' అన్నది. హైస్కూలు విద్యార్థులు తరగతులు బహిష్కరించి వీధుల్లోకి వచ్చారు. మూసివేతను ఆపలేకపోయారు. అయినా ఆ పోరాటం అక్కడితో చావలేదు. 2015లో డయెట్ హైస్కూలు కోసం తల్లిదండ్రులు, ఉద్యమకారులు 34 రోజులు నిరాహారదీక్ష చేసి ఆ బడిని నిలబెట్టుకున్నారు. సాకు ఏ భాషలో చెప్పినా బడి పోయేది ఎవరికో, పోరాడాల్సింది ఎవరో అక్కడా ఇక్కడా ఒకటే.

మనం చేయగలిగిన పనులు ఉన్నాయి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి, అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది మహిళలు ఉండాలి. విలీనానికి ముందు ఆ కమిటీ తీర్మానం చేసిందా అని సమాచార హక్కు కింద అడగండి. 32వ సెక్షన్ కింద ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి, ఆ ఫిర్యాదు రాయడం తల్లులకు కష్టం కావచ్చు, మనకు కాదు. ఎకనామిక్స్ చదివేవాళ్లు అంబేడ్కర్ చేసిన లెక్కను మీ మండలానికి చేయండి: మద్యం మీద ఎంత వసూలైంది, ప్రాథమిక బడులకు ఎంత చేరింది. అధ్యాపకులు విద్యా విధానం మీద సెమినార్ పెట్టేటప్పుడు ఒక వాడ తల్లిని వేదిక మీద కూర్చోబెట్టండి.

మా డిమాండ్లు నాలుగే. పిల్లలు ఎంతమంది ఉన్నా ప్రతి ప్రాథమిక బడికి కనీసం ఇద్దరు టీచర్లు. తలల లెక్కన కాక బడి లెక్కన కనీస నిధులు. వాడ, తండా, గూడెం, మత్స్యకారుల పల్లెల్లోని ఏ బడినైనా అక్కడి తల్లుల రాతపూర్వక అంగీకారం లేకుండా కదపకూడదు. ఇప్పటికే తరలించిన 3, 4, 5 తరగతులు వెనక్కి రావాలి.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీరు చదివిన మొదటి బడి దగ్గర ఆగండి. తాళం ఉంటే ఫొటో తీసి స్టేటస్ పెట్టి ఊరుకోకండి. ఎప్పుడు వేశారో, ఏ జీవో కింద వేశారో, కమిటీ సంతకం ఎవరు పెట్టారో కనుక్కుని అర్జీ రాసి రండి.

జై భీమ్.