‘కాపాడవచ్చు’, ‘కాపాడుతుంది’



పేగులో పుట్టే ఒక హార్మోను శరీరకణాలను రోగాల నుంచి కాపాడుతుందన్న వార్తలు తరచుగా కనబడుతున్నాయి. పరిశోధకులు వ్రాసేది ‘కాపాడవచ్చు’ అని. తెలుగులోకి వచ్చేసరికి ఆ సంభావనార్థకం కాస్తా నిశ్చయార్థకమైపోతోంది. ఇది వ్యాకరణంతో ముగిసే విషయం కాదు.

ఆ హార్మోను పేరు జీఎల్‌పీ-1. మనం భుజించిన తరువాత ప్రధానంగా చిన్నపేగు చివరి భాగంలోనూ, పెద్దపేగులోనూ ఉన్న కణాలు దీనిని స్రవిస్తాయి. ఇది ఇన్సులిన్ విడుదలను పెంచుతుంది, కడుపు నిండిన సంగతి మెదడుకు తెలుపుతుంది. రెండు మూడు నిమిషాలలోనే రక్తంలో చాలావరకు క్షీణిస్తుంది. గిలా మాన్‌స్టర్ అనే అమెరికా ఎడారి బల్లి విషంలో ఇటువంటిదే, ఎక్కువసేపు నిలిచే పదార్థం దొరికింది. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్ 2005లో మధుమేహానికి మందుగా అమెరికాలో అనుమతి పొందింది.

ప్రయోగశాలలో, జంతువులలో ఈ కోవ మందులు ఆక్సీకరణ ఒత్తిడిని తగ్గించి, క్లోమకణాలను, నాడీకణాలను మరణం నుంచి తప్పించినట్లు కనబడింది. ఆశ పుట్టడం సహజమే. 2017లో ఫలితం వెలువడిన, లండన్‌లో 62 మంది పార్కిన్సన్స్ రోగులపై జరిపిన పరీక్షలో ఎక్సెనటైడ్ తీసుకున్నవారి కదలికలు కొంత మెరుగ్గా ఉన్నాయి. కాని 194 మందిపై 96 వారాలు సాగిన పెద్ద పరీక్ష ఫలితం 2025లో వెలువడింది. వ్యాధి గమనం మందగించలేదు.

మరొకవైపు, సెమాగ్లూటైడ్ అనే ఇదే కోవ మందును గుండెజబ్బూ, అధిక బరువూ ఉండి మధుమేహం లేని 17,604 మందిపై పరీక్షించారు. గుండెపోటు, పక్షవాతం, హృద్రోగ మరణాలు కలిపి 20 శాతం తగ్గాయని 2023లో తేలింది. ఇందులో బరువు తగ్గడం వల్ల ఎంత, నేరుగా కణరక్షణ వల్ల ఎంత అన్నది ఇంకా చర్చనీయాంశమే.

హార్మోను ఒకటే, కోవ ఒకటే. గుండె విషయంలో నిలిచిన ఆశ పార్కిన్సన్స్ విషయంలో నిలువలేదు. 2017లోనే ‘కాపాడుతుంది’ అని చదివిన రోగి కుటుంబానికి ఇప్పుడు ఏమని చెప్పగలం?

సందేహార్థకాలతో వ్రాస్తే పాఠకులు చదవరని కొందరంటారు. నేను అంగీకరించను. ‘రేపు వాన రావచ్చు’ అంటే మన రైతుకు అర్థమవుతుంది, తదనుగుణంగా పని చూసుకుంటాడు. రోగికి మాత్రం ఎందుకు అర్థం కాదు?

తెలుగులో విజ్ఞానం వ్రాసే మిత్రులారా, ఆ ‘వచ్చు’ను దయచేసి వదలకండి. ఎంతమందిపై, ఎన్నాళ్ళు పరీక్షించారో కూడా ఒక వాక్యంలో చెప్పండి.

మీ అభిప్రాయాలు తెలుపగలరు.