ప్రాత జర్మను కారు – క్రొత్త పరువు

గద్వాల కోట వీథిలోను, వనపర్తి రాజభవనపు మార్గమునను, నాగర్‌కర్నూలు బజారునను నేడు మూడు కొమ్మల నక్షత్రమును దాల్చిన బెంజికారు గాని, నాలుగు కడియముల ఆడికారు గాని, నీలిధవళ వలయపు బి.ఎం.డబ్ల్యు. గాని నిలిచియుండుట వింత గాకున్నది. 2016 అక్టోబరు 11వ తేదీన ఈ మూడు పట్టణములును జిల్లా కేంద్రములైన పిదప భూముల వెలలు పెరిగినవి. పెరిగిన సొమ్ములో కొంత బంగారమునకు పోయినది, కొంత పెండ్లిండ్లకు పోయినది, కొంత ఈ కార్లకు పోవుచున్నది. ఇవి క్రొత్తవి కావు. హైదరాబాదు, బెంగుళూరు, ఢిల్లీ నగరములలో పండ్రెండేండ్లో పదునైదేండ్లో తిరిగి, అచ్చటి యజమానులు వదలుకొనిన పిదప మన గుమ్మముల కెక్కిన ప్రాత బండ్లు.

కొనువారిని పరిహసించుటకు మేము కలము పట్టలేదు. మంచి యంత్రముపై మనసుపడుట నేరము కాదు. కర్నూలు వైపు పోవు 44వ జాతీయ రహదారిపై, పెబ్బేరు దాటి బీచుపల్లి కృష్ణ వంతెనవఱకు, ఆ బండ్లు పట్టువిడువక పోవు తీరును ఒకసారి అనుభవించినవానికి దాని రుచి తెలియును. దృఢమైన దేహము, గాలిసంచుల రక్షణ, ఎంత వేగమునను తొణకని చక్రములు: ఇవి నిజమైన గుణములు. విదేశీ వస్తువనియు మేము నిందింపబోము. మెర్సిడెస్ బెంజి సంస్థ 1995 నుండి పూనాలోను, బి.ఎం.డబ్ల్యు. 2007 నుండి చెన్నపట్టణమునను మన కార్మికుల చేతులతోనే కార్లను కూర్చుచున్నవి. మా ఆక్షేపణ వేఱు. ఈ బండ్లను కొనువారిలో పెక్కండ్రు వెలను చూచుచున్నారు, వ్యయమును చూచుట లేదు.

క్రొత్తదిగా నలుబది యేబది లక్షలు పలికిన జర్మను సెడాను పదునైదేండ్లు నిండుసరికి ఆరేడు లక్షలకు దిగుచున్నది. అది నేడొక క్రొత్త మారుతి స్విఫ్టు వెలకు దాదాపు సమానము. ఇంతటి ఘనమైన బండి ఇంత చౌకయా యని మనవారు మురిసిపోవుదురు. కాని దిగినది బండి వెల మాత్రమే. దాని గేరుపెట్టె వెల దిగలేదు, ఇంధనపు పంపు వెల దిగలేదు, ముందు దీపపు వెల దిగలేదు. యేబది లక్షల బండికి చేసిన భాగము ఎన్నటికిని యేబది లక్షల బండి భాగమే. బండి చౌకయగుటకు కారణము కూడ అదియే: మొదటి యజమాని లెక్క తెలిసినవాడు, రాబోవు మరమ్మతుల బిల్లును ముందుగనే చదివి, దానిని వెలలో తగ్గించి మన కంటగట్టినాడు. కొన్నది వంకాయ, కొసరినది గుమ్మడికాయ యను సామెత ఇట్టివారి కొఱకే పుట్టియుండును.

ఒకటి రెండు దృష్టాంతములు చెప్పుదుము. 2011కు ముందు బి.ఎం.డబ్ల్యు. వారు చేసిన ఒక జాతి డీజిలు ఇంజనులో టైమింగు గొలుసును ముందుభాగమున గాక, వెనుక గేరుపెట్టె ప్రక్కన నమర్చిరి. ఆ గొలుసు అరుగుట లోకమంతట తెలిసిన దోషము. దానిని మార్చుటకు గేరుపెట్టెనో, ఇంజనునో క్రిందికి దింపవలయును. తెగువఱకు ఊరకుండినచో ఇంజనే పోవును. 2002కును 2006కును నడుమ వచ్చిన బెంజి ‘ఇ’ తరగతి కార్లలో విద్యుత్తుచే నడచు బ్రేకు యంత్రము కలదు. తొక్కిన ప్రతి తొక్కును అది లెక్కించుకొనును. నియమిత సంఖ్య నిండినంతనే తన్ను మార్పుమని యెఱ్ఱ అక్షరములతో హెచ్చరించును. 1998 నుండి 2005 వఱకు వచ్చిన ‘ఎస్’ తరగతి బండి గాలిసంచులపై నిలుచును. ఆ రబ్బరు పగిలెనా, రాత్రి నిలిపిన బండి తెల్లవారునప్పటికి డస్సిన ఎద్దువలె నేలకు కూలబడియుండును. బి.ఎం.డబ్ల్యు. కార్లు పెక్కింటికి స్టెప్నీ చక్రమే లేదు. గాలి పోయినను కొంత దూరము పరుగెత్తగల టైరులు వానికుండును. ఆ దూరము సుమారు ఎనుబది కిలోమీటర్లు, అదియును మెల్లగా పోయిననే. జర్మనీలో ఎనుబది కిలోమీటర్లలోపల టైరుల దుకాణము దొరకును. అచ్చంపేట దాటి నల్లమల యడవిలో శ్రీశైలము త్రోవ పట్టినవాని గతి యేమి?

పెట్రోలు బండియైనచో వేఱొక చిక్కు. 2025 నాటికి దేశములో పెక్కు బంకులందు నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలే దొరకుచున్నది. ఇరువదియేండ్లనాటి బండి గొట్టములును, రబ్బరు పట్టీలును ఆ మిశ్రమమునకై చేసినవి కావు.

ఇక ఈ బండ్లు ఎచ్చటినుండి వచ్చుచున్నవో విచారింతము. 2015లో జాతీయ హరిత న్యాయస్థానము ఢిల్లీ పరిసరములలో పదియేండ్లు దాటిన డీజిలు వాహనములను నిషేధించెను. 2018లో సుప్రీంకోర్టు పదునైదేండ్లు దాటిన పెట్రోలు వాహనములతో కూడ ఆ నిషేధమును స్థిరపఱచెను. 2025లో ఆ కాఠిన్యము కొంత సడలినది గాని, ఆ నడుమ ఢిల్లీ బండ్లు దక్షిణాపథమునకు వెల్లువగా దిగినవి. వీనిలో మంచివి లేవనము. నిషేధమునకు భయపడి అమ్మిన మంచి బండియు నుండవచ్చును. కాని మునిగిన బండ్లును వచ్చుచుండును. 2015 డిసెంబరులో చెన్నపట్టణము, 2020 అక్టోబరులో హైదరాబాదు నీట మునిగినపుడు ఎన్నో విలువైన కార్లు ఇంజనువఱకు నీళ్లు త్రాగినవి. బీమా కంపెనీలు నష్టము చెల్లించి అట్టి వానిని వేలము వేయును, దళారులు తోమి మెఱుగుపెట్టుదురు. తివాచీ ఎత్తి క్రింద ఒండ్రు జాడలు చూడుడు. సీటుపట్టాలకు త్రుప్పు పట్టెనేమో చూడుడు. మీటరు త్రిప్పుట మన దళారులకు కూడ చేతనైన విద్యయే కావున, సర్వీసు కాగితములు లేని బండిపై కనబడు కిలోమీటర్లను విశ్వసింపరాదు.

న్యాయస్థానములలో తిరుగు మాబోంట్లకు ఇంతకన్న భయంకరముగా తోచునది వేఱొకటి కలదు. అది పేరు మార్చుకొనకుండుట. పన్నుకు వెఱచియో, సోమరితనముననో, మఱల లాభమునకు అమ్ముకొందమను ఆశతోనో, ఒకరి సంతకపు కాగితములతో నలుగురు చేతులు మారిన కార్లు ఈ మూడు జిల్లాలలోను కలవు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము, అదే రాష్ట్రములో అమ్మినవాడు పదునాలుగు దినములలో తెలియజేయవలయును, కొన్నవాడు ముప్పది దినములలో తన పేర మార్పించుకొనవలయును. దీనిని లక్ష్యపెట్టనివారు 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును వినవలయును. ఒకడు 2007లో కారు నమ్మెను. అది చేతులు మారుచు పోయి 2009లో ప్రమాదము చేసెను. రిజిస్ట్రేషను పుస్తకములో మొదటివాని పేరే యుండెను. పరిహారము ఆ మొదటివాడే చెల్లింపవలయునని తీర్పు. అమ్మిన రెండేండ్లకు, తాను చూడని బండి, తాను ఎఱుగని డ్రైవరు, తాను పోని త్రోవ. అయినను ఋణము తనది!

కొన్నవాడు మాత్రము తప్పించుకొనెనని సంతోషింపనక్కఱలేదు. బీమా అతని పేరికి మారనిచో, బండికి కలిగిన నష్టమునకు కంపెనీ పైకమిచ్చుట దుర్లభము. పాత ఫైనాన్సు తీరనిచో ఆ కంపెనీ మనుష్యులు నడివీథిలో తాళము లాగికొందురు. పొరుగు రాష్ట్రపు బండియైనచో ఆక్షేపణ లేదను పత్రము తేవలయును, పండ్రెండు నెలలలో ఇచ్చటి సంఖ్య పొందవలయును, మూల వెలను వయస్సును బట్టి జీవిత పన్ను కట్టవలయును. పదునైదేండ్లు నిండినచో యోగ్యత పరీక్షింపించి ఐదేండ్లకొకసారి రిజిస్ట్రేషను క్రొత్త చేయవలయును. ఇరువదియేండ్లు దాటిన కారునకు ఆ రుసుమును 2025 ఆగస్టులో 10,000 రూపాయలకు పెంచిరి. కొనకముందే పరివాహన్ పుటలో సంఖ్య వ్రాసి చూచినచో యజమాని వరుస, ఫైనాన్సు, బీమా గడువు తెలియును. ఇది గడియ పని.

ఇంత తెలిసియు ఏల కొందురు? పరువు కొఱకు. గద్వాల ప్రాంతమున పత్తి విత్తనములు పండించు రైతునకు సొమ్ము ఏడాది కొకసారి, విత్తనము పరీక్షలో నెగ్గిన పిదప చేతికి వచ్చును. జర్మను కారు మాత్రము ఏ నెలలో అడుగునో చెప్పలేము, అడిగినపుడు ఇయ్యవలయును. అప్పు చేసి పప్పుకూడు తినువాడు ఆ పూటకు కడుపైన నింపుకొనును. అప్పు చేసి బెంజి కొనినవాడు దానిని షెడ్డులో నిలిపి వడ్డీ కట్టును. అల్లునికి కారు పెట్టుట యను దురాచారము కూడ దీనితో జతకలిసినది. క్రొత్త మారుతి కన్న ప్రాత బెంజి మర్యాదయని వియ్యంకులే అడుగుచున్నారట! ఒకనాడు ఈ సీమకు పేరు వచ్చిన విధము వేఱు. పండితులను పోషించుటచే ‘విద్వద్గద్వాల’ యనిపించుకొన్నది. వనపర్తివారి రాజభవనము 1959లో పాలిటెక్నికు విద్యాలయమైనది.

కావున కొనదలచినవారికి మా మాట ఇది. బండి వెలలో సగము సొమ్ము మరమ్మతులకై విడిగా నుంచుకొని, అది పోయినను సంసారమునకు లోటు లేనివాడు కొనవచ్చును. ఇంట వేఱొక బండి యుండవలయును. సర్వీసు చరిత్రయంతయు చూపగల యజమాని యొద్దనే, స్వతంత్రుడైన మెకానికుచే స్కానరు పెట్టించి, క్రింద ఎత్తి చూపించి, పేరు మారినదినముననే చివరి పైకము చెల్లించి కొనవలయును. అప్పు తెచ్చి కొనువాడును, దినదినము కూలీలను, ఎరువుబస్తాలను మోయవలసినవాడును దీని జోలికి పోరాదు.

తెలంగాణోద్యమ దినములలో మేము పల్లెలకు పోయిన ప్రాత జీపులు చెడినచోట ఆ యూరి మెకానికే ఒక తీగతోనో, ఒక పట్టీతోనో బాగుచేసి సాగనంపెడివాడు. నేడు అదే మెకానికు ఈ జర్మను బండి మూత ఎత్తి, నల్లని కప్పులు మాత్రము చూచి, హైదరాబాదు తీసికొనిపొండని చేతులు తుడుచుకొనుచున్నాడు. ట్రక్కుపై నూటయేబది కిలోమీటర్లకు అటునిటుగా ఈడ్పించుటకే ఒక చిన్న మరమ్మతు ఖర్చగును. అతనికి బుద్ధి తక్కువ కాదు, నేర్పినవారు లేరు, స్కానరు లేదు. క్రొత్తగా వచ్చు మన దేశపు కార్లును, ట్రాక్టరులును కూడ దినదినము ఇట్టి విద్యుత్తు మెదడుతోనే వచ్చుచున్నవి గదా! వనపర్తి పాలిటెక్నికులో ఈ మూడు జిల్లాల మెకానికులకు సాయంకాలపు తరగతులు పెట్టి, తెలుగుననే ఈ విద్య చెప్పించుట కష్టము కాదు. షెడ్డు మూసి వచ్చువారికి అనుకూలముగా రాత్రి ఏడు గంటలకు ఆరంభింపవలయును. రుసుము ఒక దినపు కూలికి మించరాదు. బెంజి కొనగలిగిన పట్టణ ప్రముఖులు చందాలు వేసికొని ఒక మంచి స్కానరును ఆ విద్యాలయమునకు కొని యిచ్చినచో, దాని మొదటి ప్రయోజనము వారి బండ్లకే కలుగును.