శిక్షణ ఉచితమే, మరి ఇల్లు గడిచేదెలా?

జీడిమెట్లలో ఒక చిన్న కంపెనీ మూతపడిందనుకోండి. పద్దెనిమిది వేల జీతానికి అక్కడ ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి నలభై రెండేళ్ల వయసులో రోడ్డున పడ్డాడు. ఇలాంటి వాళ్లకు ప్రభుత్వం దగ్గర ఏముందో చూద్దామని నైపుణ్య శిక్షణ పథకాల నిబంధనలు ముందేసుకున్నాను. మొదట అడ్డు తగిలేది వయసే. 2014లో మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన 35 ఏళ్ల లోపు వాళ్లకు. మహిళలకూ దివ్యాంగులకూ, మరికొందరికీ మాత్రం 45 దాకా సడలింపు. తెలంగాణ 2024లో చట్టం చేసి పెట్టిన స్కిల్స్ యూనివర్సిటీకి పేరే యంగ్ ఇండియా. మధ్యవయసులో పని పోయినవాడు అసలు వీళ్ల లెక్కలోనే లేడు.

ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కొంత నయం. దాని నాలుగో విడతలో స్వల్పకాలిక శిక్షణకు 45 ఏళ్ల దాకా తీసుకుంటారు. మనవాడికి ఇంకా మూడేళ్లుంది. ఫీజు లేదు. కానీ మూడు నెలలు సెంటర్‌లో కూర్చుంటే ఇంటి అద్దె, పిల్లల స్కూలు ఫీజు, చీటీ వాయిదా ఎవరు కడతారు? పొద్దున్నే లేబర్ అడ్డా మీద నిలబడితే దొరికే కూలి ఉందే, అది వదులుకోవడమే అతను కట్టే అసలు ఫీజు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇంట్లో అమ్మ వండి పెడుతుంది. ఇతని మీద ఆధారపడి నలుగురున్నారు.

అందుకే పెద్దవాళ్లు రారు. రాకపోతే సెంటర్లకు వచ్చే నష్టం కూడా ఏమీ లేదు. ఈ పథకం రెండో విడతలో సెంటర్‌కు డబ్బు మూడు వాయిదాల్లో అందేది: బ్యాచ్ మొదలైనప్పుడు 30 శాతం, సర్టిఫికెట్లు వచ్చాక 50, కొలువులు చూపించాక 20. అంటే ఒక్కరికీ పని దొరక్కపోయినా నూటికి ఎనభై చేతికొచ్చేసేది. ఆ మిగిలిన ఇరవై కోసం ఎవరు తిరుగుతారు? మొదటి మూడు విడతల్లో కొలువుల లెక్క అయినా రాసేవారు. నాలుగో విడతలో శిక్షణకూ కొలువుకూ ముడి తెంచేశారు. శిక్షణ పొందినవాళ్లు తమ దారి తామే ఎంచుకుంటారట! పెద్ద మనసే.

ఆ పాత లెక్కల నాణ్యతేమిటో 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. నూటికి తొంభై మందికి పైగా అభ్యర్థుల వివరాల్లో బ్యాంకు ఖాతా ఉండాల్సిన చోట సున్నాలున్నాయి, లేదంటే ఖాళీ. స్వల్పకాలిక, ప్రత్యేక శిక్షణల్లో సర్టిఫికెట్ అందుకున్నవాళ్లలో కొలువు దొరికినవాళ్లు 41 శాతం. రికార్డులే అలా ఉన్నప్పుడు ఈ 41ని ఎంతవరకు నమ్మాలో మీరే చూసుకోండి.

కొలువు దొరికిందా లేదా అన్నది పట్టించుకోకపోవడం ఈనాటి జబ్బు కాదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం 1945లో మొదలై, తర్వాత అందరికీ తలుపు తెరిచిన ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీలదీ ఇదే కథ. 1959 నాటి చట్టం కంపెనీలను ఖాళీలు తెలియజేయమంది, అక్కడి నుంచే మనుషుల్ని తీసుకోమనలేదు. కార్డు రెన్యువల్ చేయించుకుంటూ తల నెరిసినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

నేర్చుకునేవాడికి కూలి ఇవ్వాలన్న సంగతి సర్కారుకు తెలియక కాదు. 2023లో వచ్చిన విశ్వకర్మ పథకంలో శిక్షణ రోజులకు 500 రూపాయల చొప్పున ఇస్తున్నారు. అయితే అది పద్దెనిమిది చేతివృత్తులకే, ప్రాథమిక శిక్షణ వారం రోజులకు మించదు. సింగపూర్‌లో నలభై దాటినవాళ్లు పని మానుకుని పూర్తికాలం కోర్సులో చేరితే, 2025 నుంచి పాత సంపాదనలో సగం దాకా ప్రభుత్వం ఇస్తోంది. వాళ్లతో మనకు పోలికేమిటి అంటారా? అమరావతి మాస్టర్ ప్లాన్ వాళ్ల చేతే గీయించుకున్నాం కదా.

అంత దూరం పోకుండానే మన దగ్గరొక దారుంది. ఈఎస్ఐలో అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని 2018లో ప్రయోగంగా మొదలుపెట్టారు. బీమా ఉన్న కార్మికుడికి తన తప్పు లేకుండా పని పోతే, జీవితంలో ఒక్కసారి, గరిష్ఠంగా 90 రోజులకు సాయం. ముందు జీతంలో పావు వంతు ఇచ్చేవారు, కరోనా ఏడాదిలో దాన్ని సగం జీతానికి పెంచారు. మన జీడిమెట్ల కార్మికుడి జీతం ఈఎస్ఐ పరిమితి 21 వేల లోపే. తొంభై రోజులంటే దాదాపు ఒక స్వల్పకాలిక కోర్సు నడిచే కాలం. ఆ సాయం చూసేది కార్మిక శాఖ, ఈ కోర్సు చూసేది నైపుణ్యాభివృద్ధి శాఖ. రెండిటినీ కలిపి, సగం జీతం అందుతున్న ఆ మూడు నెలల్లోనే సెంటర్‌లో సీటిచ్చి, వయసు పరిమితి తీసేసి, సెంటర్‌కిచ్చే డబ్బులో సగమైనా అతను కొత్త పనిలో ఆరు నెలలు నిలబడ్డాకే విడుదల చేస్తే చాలు. కొత్త పథకం అక్కర్లేదు, దానికో కొత్త పేరూ అక్కర్లేదు. బహుశా అందుకే ఎవరికీ ఆసక్తి లేదేమో.