ఏ పనీ లేకున్నా బస్సెక్కుతాం: జడ్చర్ల ఆడవాళ్ల ప్రణాళిక

జడ్చర్లలో, బాదేపల్లిలో, చుట్టుపక్కల ఊళ్లలో ఉండే ఆడవాళ్లం మేం. మాలో బడి పంతులమ్మలున్నారు. పోలేపల్లి సెజ్‌లోని మందుల కంపెనీలకు డ్యూటీకి పోయేవాళ్లున్నారు. డిగ్రీ చదివే పిల్లలున్నారు, పత్తి ఏరేవాళ్లున్నారు, మనవళ్లను పెంచి పెద్దచేసిన అవ్వలున్నారు. అందరం అనుకున్న మాట ఒకటే. మాలో ఎవరైనా సరే, మనసైన చోటికి, ఒక్కతే, ఫలానా పని అని చెప్పకుండా పోయి రావచ్చు. ఇకమీద దానికి ఎవరి దగ్గరా సెలవు తీసుకోం. ఎక్కడికి పోతున్నామో ఇంట్లో చెప్పి పోతాం. చెప్పడం వేరు, అడగడం వేరు.

ఊరు దాటడం పాలమూరు ఆడవాళ్లకు కొత్త కాదు. మా తల్లులు, అమ్మమ్మలు బొంబాయి చూశారు, పుణె చూశారు, ఎక్కడెక్కడి డ్యాముల పనులకో పోయారు. చంకలో బిడ్డ, నెత్తిన మూట, ముందు గుంపు మేస్త్రీ. అడ్వాన్సు ఇంటాయన చేతికి, మట్టి తట్ట ఆమె నెత్తికి. ఏ రైలు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, ఎప్పుడు తిరిగి రావాలో ఒక్కటీ ఆమె చేతిలో లేదు. అంత దూరం పోయి వచ్చినామె కూడా దారిలో ఏం చూశావంటే చెప్పలేకపోయేది. చూడనిచ్చిందెవరు?

ఇప్పుడు మా తిరుగుడు ఆస్పత్రికి, తల్లిగారింటికి, పెళ్లికి, చావుకు, పరీక్షకు. కురుమూర్తి జాతరకు పోయినా, మన్యంకొండకు పోయినా వంటసామాను మోసేది మేమే, పిల్లలు తప్పిపోకుండా చూసేది మేమే, అందరూ తిన్నాక తినేది మేమే. అది ప్రయాణం కాదని మేం అనం. మేం కావాలంటున్నది ఇంకొకటి.

2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైంది. తెలంగాణ ఆధార్ ఉన్న ఆడవాళ్లకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్రం లోపల టికెట్ పైసలు లేవు. 2025 జూలై నాటికి ఇచ్చిన జీరో టికెట్లు 200 కోట్లు దాటాయి. అందరూ దీన్ని మిగిలిన డబ్బు లెక్కలో చెప్తారు. ఆ డబ్బు చిన్నదేం కాదు. కానీ మా ఇళ్లలో జరిగిన పెద్ద మార్పు అది కాదు. ఇంతకుముందు బస్సుకు పైసలు ఇంట్లో అడగాల్సి వచ్చేది. అడిగితే ఎందుకని అడిగేవాళ్లు. ఎందుకో చెప్తే, దానికి నువ్వే పోవాలా, రేపు పోతే కాదా, తమ్ముణ్ని తోలుకపో అనేవాళ్లు. కిరాయితోపాటు ఆ ప్రశ్నలన్నీ పోయాయి. ఇప్పుడు ‘ఎక్కడికమ్మా’ అని అడిగేది కండక్టరొక్కడే. ఊరిపేరు చెప్తే మెషీన్ నొక్కి, సున్నా అచ్చయిన టికెట్ చింపి చేతిలో పెట్టి వెనక సీటుకు పోతాడు. మా ప్రయాణానికి ఇంతకన్నా సంజాయిషీ ఇంకెవరికీ ఇచ్చుకోనక్కర్లేదు.

ఫ్రీ బస్సని ఊర్లు పట్టుకుని తిరుగుతున్నరు అని చౌరస్తాలో అంటున్నారు. అవును, తిరుగుతున్నాం. ఆ చౌరస్తాలోనే సాయంత్రం నుంచి రాత్రి దాకా నిలబడే మగవాళ్లను ఏం పనిమీద నిలబడ్డావని ఎవరూ అడగరు. అడగొద్దనే మేమూ అంటాం. ముంబై వీధుల మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే పరిశోధన చేసి 2011లో ‘వై లాయిటర్’ అనే పుస్తకం తెచ్చారు. పనిమీద బయటికొచ్చిన ఆడదాన్ని నగరం ఓర్చుకుంటుంది, ఊరికే వచ్చినదాన్ని ఓర్చుకోదు అన్నది వాళ్లు చూపించిన సంగతి. ముంబై అంత ఊరే అట్లుంటే జడ్చర్ల బస్టాండులో పుస్తకం పట్టుకుని ఒక్కతే కూర్చున్న ఆడమనిషిని ఎట్ల చూస్తారో వేరే చెప్పాలా?

ఒక్కతే పోతే ఏమొస్తుందని అడిగేవాళ్లకు మా అక్క ఒకామె ప్రయాణం చెప్తాం. ఆమెకు ఆలంపురం చూడాలని చిన్నప్పటి నుంచి ఉంది. కర్నూలు పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కింది. భూత్పూర్, కొత్తకోట, పెబ్బేరు దాటాక బీచుపల్లి దగ్గర కృష్ణ వచ్చింది. అంతకుముందు ఆ వంతెన మీదుగా ఎన్నిసార్లు పోయినా ఎవరికో నీళ్ల సీసా అందిస్తూనో, ఎవరి తల ఒళ్లో పెట్టుకునో పోయింది. ఈసారి కిటికీ పక్కన కూర్చుని వంతెన ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నీళ్లను చూసింది. ఆలంపురం చౌరస్తాలో దిగి ఆటో మాట్లాడుకుంది. బాదామి చాళుక్యులు 7, 8 శతాబ్దాల్లో కట్టించిన నవబ్రహ్మ ఆలయాల్లో ఒక్కొక్క గోడ ముందు తనకు ఇష్టమొచ్చినంతసేపు నిలబడింది. గుడి బయట పూలమ్మే అవ్వ, “ఒక్కదానివే వచ్చినవా బిడ్డా, ఎవలు రాలేదా?” అంది. “ఎవలొద్దనే వచ్చిన అవ్వా” అంది మా అక్క. అవ్వ జరిగి పక్కన చోటిచ్చింది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇంటాయన పక్కనుంటే ఆ మాటలన్నీ ఆయనతోనే నడిచేవి, ఆమె విని తలూపేది. ఆకలైనప్పుడు అన్నం తింది. ‘ఇగ పోదాం పా’ అన్నవాళ్లు లేరు. తిరుగు బస్సు తప్పిపోతే వెనకాల ఇంకో బస్సు ఎన్నింటికో తానే కనుక్కుంది.

మేం లాభం అనేది దీన్నే. దారి అడగడం, బేరమాడడం, తప్పు బస్సెక్కితే దిగి మంచి బస్సెక్కడం, ఇది నాకు నచ్చింది, అది నచ్చలేదని తెలుసుకోవడం. తోడుంటే ఈ పనులన్నీ ఆ తోడే చేసిపెడతాడు. ఇరవై ఏళ్లు అట్ల గడిస్తే మనకు చేతకాదనే అనుకుంటాం. ఒక్కరోజు ఒక్కతే తిరిగొచ్చిన మనిషి బ్యాంకులో ఫారం నింపమని ఎవరినీ బతిమాలదు, తహసీల్ ఆఫీసులో గొంతు తగ్గించదు. మాలో పలువురిలో ఇది కళ్లారా చూశాం.

ఇక భయం సంగతి. దాన్ని దాటేసి మాట్లాడడం మాకు ఇష్టం లేదు. మా ఊరి మీదుగా పోయే 44వ నంబర్ హైవే మీదనే, 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు పక్కన ఒక పశువుల డాక్టరమ్మను మాటేసి ఎత్తుకుపోయారు. షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి వంతెన కింద కాల్చేశారు. ఆ బిడ్డ మా అందరికీ బిడ్డే. ఆ వారమే ఈ దారి పొడుగునా ఎన్ని ఇళ్లలో ఆడపిల్లల స్కూటీ తాళాలు అటకెక్కాయో మాకు తెలుసు. కానీ ఆమె షికారుకు పోలేదు, పనిమీద పోయి ఇంటికొస్తోంది. పనిమీద పోతే కాపాడేదేదీ లేదని, ఊరికే పోవడం నేరం కాదని ఆ రాత్రే చెప్తోంది. ఇల్లే భద్రమనేవాళ్లు జాతీయ నేర రికార్డుల బ్యూరో (ఎన్‌సీఆర్‌బీ) లెక్కలు చూడాలి. ఏటేటా అత్యాచారం కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు ఆమెకు తెలిసినవాళ్లే. దారికి భయపడి మమ్మల్ని ఇంట్లో పెట్టడం రక్షణ కాదు, తప్పు చేసినవాడికి దారి అప్పజెప్పడం.

ఒకప్పుడు ఈ దారంటే మగవాళ్లకూ భయమే. 1830లో ఏనుగుల వీరాస్వామి మద్రాసు నుంచి పాలమూరు సీమ మీదుగా కాశీకి పోయినప్పుడు పెద్ద పరివారాన్ని వెంటబెట్టుకుని పోయాడు. ఒంటరిగా పోవడం ఎవరికీ కుదరని కాలం. తర్వాత రోడ్లొచ్చాయి, రైళ్లొచ్చాయి, దీపాలొచ్చాయి, ఫోన్లొచ్చాయి. మగవాడి పరివారం ఇంటికి పోయింది. మా వెంట పెట్టిన పరివారం మాత్రం ఇంకా పోలేదు.

కాబట్టి భయానికి తగిన జాగ్రత్త మేమే నేర్చుకుంటాం, నేర్పుతాం. ఆపదలో 112, మహిళల హెల్ప్‌లైన్ 181, రైల్లో 139 ప్రతి ఒక్కరికీ కంఠతా రావాలి. తెలంగాణ పోలీసుల ప్రయాణ భద్రత సేవ టీ-సేఫ్ ఎట్ల వాడాలో చదువుకునే పిల్లలు అవ్వలకు చూపిస్తారు. 2019లో ఆ డాక్టరమ్మ తల్లిదండ్రులు ఫిర్యాదుకు పోతే మా పరిధి కాదని తాత్సారం చేశారు, దానికి పోలీసులు సస్పెండయ్యారు. ఇప్పుడు ఏ ఠాణాలోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాల్సిందే. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 173వ సెక్షన్‌లో అది చట్టమైంది. 1989 రైల్వే చట్టం 139వ సెక్షన్ ప్రకారం మగతోడు లేని ఆడమనిషిని, టికెట్ లేకపోయినా సరే, రాత్రిపూట రైల్లోంచి దించకూడదు. ఒంటరిగా పోయే ఆడది ఉంటుందని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. ఊరు కూడా ఒప్పుకోవాలి. హజ్ యాత్రకు 2018 నుంచి మన దేశపు ముస్లిం స్త్రీలు మెహ్రం, అంటే దగ్గరి బంధువైన మగతోడు, లేకుండా పోతున్నారు. మొదట 45 ఏళ్లు దాటినవాళ్లు కనీసం నలుగురేసి కలిసి పోయారు. బాదేపల్లి గల్లీల్లోని మా చెల్లెళ్లకు ఇది గుర్తుచేస్తున్నాం.

మేం కలిసి టూర్లు పోయే సంఘం కాదు. ఎవరికి వాళ్లం పోతాం, వచ్చాక కలుస్తాం. ఒక నోటుబుక్కు పెట్టుకున్నాం. ఏ బస్సు ఎన్నింటికి, ఏ బస్టాండులో బాత్రూం గొళ్లెం పడుతుంది, ఎక్కడ అన్నం బాగుంది, ఏ లాడ్జిలో ఒంటరి ఆడమనిషికి గది ఇచ్చారు, ఎక్కడ ‘మీవారు రాలేదా’ అని వెనక్కి పంపారు, అన్నీ అందులో రాస్తాం. పోయినామె ఫోను ఎత్తకపోతే ఏం చెయ్యాలో ఆమే ముందు చెప్పి పోతుంది. అరగంటకోసారి ఫోన్ చేసి ఎక్కడున్నవని అడగం. పోయే రోజుకు ముందురాత్రి వండి గిన్నెల్లో సర్ది పోం. ఇంట్లో ఉన్నవాళ్లకు చేతులున్నాయి, బియ్యం ఎక్కడున్నాయో చెప్తాం. ఏ ఆడమనిషి ఎందుకు పోయిందో మేం ఒకరినొకరం అడగం. అది మాకు మేం పెట్టుకున్న నియమాల్లో అన్నిటికన్నా గట్టిది.

ఊరిని అడిగేవి కూడా ఉన్నాయి. ఏ బస్టాండులోనైనా రాత్రి ఆఖరి బస్సు పోయేదాకా ఆడవాళ్ల బాత్రూం తెరిచి ఉండాలి, నీళ్లుండాలి, లైటుండాలి. చీకటి పడ్డాక హైవే మీద దించిపోకుండా ప్రతి బస్సూ బస్టాండు లోపలికి రావాలి. గుర్తింపు కార్డు చూపించిన మనిషికి, ఆడదైనా ఒంటరిదైనా, గది ఇవ్వాలి. ఈ మూడూ నెరవేరేదాకా అడుగుతూనే ఉంటాం. అవి నెరవేరేదాకా ఆగం మాత్రం.

మొదటిసారి పోయేవాళ్లకు దగ్గరి దారే పెట్టుకున్నాం. ఆల్వాన్‌పల్లి దగ్గర గొల్లత్తగుడి ఉంది. ఇటుకలతో కట్టిన పాత జైన గుడి, ఇట్లాంటివి దేశంలోనే అరుదు. మన మండలంలోనే ఉన్నా మాలో సగం మంది చూడలేదు. పొద్దున పోతే పగటి అన్నానికి ఇంటికి రావచ్చు. రెండోసారి పిల్లలమర్రి, ఆ తర్వాత కల్వకుర్తి, అచ్చంపేట మీదుగా ఉమామహేశ్వరం. ఆ పైన ఎవరిష్టం వాళ్లది. రావాలనుకున్నవాళ్లు ఆధార్ కార్డు, మంచినీళ్లు, చార్జింగ్ ఉన్న ఫోను పెట్టుకుంటే చాలు. వయసు పట్టింపు లేదు. చదువు రాని అవ్వలు తిరిగొచ్చి చెప్తే నోటుబుక్కులో రాసిపెట్టడానికి డిగ్రీ పిల్లలు ఒప్పుకున్నారు.